వరసలో యాభై ఎనిమిది

ప్రతి ఆదివారం పొద్దున పదిన్నరకి జెలిగ్ పొమెరాంట్స్ రివింగ్టన్ వీధిలోని సంఘం హాల్లో వేదిక ఎక్కి జాబితా చదివేవాడు. కోటు కార్మికుల సంఘంలో అతను శానటోరియం కమిటీకి కార్యదర్శి. వారమంతా ఇస్త్రీ పని. పద్దెనిమిది పౌన్ల ఇస్త్రీపెట్టె పాతికేళ్లు తోసేసరికి అతని కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి జారింది. ఆదివారం మాత్రం కాలరు పెట్టుకుని వచ్చేవాడు.

జాబితాలో ఉన్నవి క్షయ పట్టిన సభ్యుల పేర్లు. ఆ వారం శానటోరియంలో ఎన్ని మంచాలు ఖాళీ అయితే పైనుంచి అన్ని పేర్లు చదివి, "వీళ్లు డాక్టరుగారికి చూపించుకోవాలి" అనేవాడు. తర్వాత మిగిలిన పేర్లన్నీ కొత్త నంబర్లతో చదివేవాడు. చదవడం అయ్యేదాకా ఎవరూ లేచి వెళ్లేవారు కాదు. ఆ ఏడాది, 1913లో, ఆ చుట్టుపక్కల మనిషికి మనిషి ఎదురైతే "ఎలా ఉన్నావు" అనడం తగ్గిపోయింది. "ఎంతలో ఉన్నావు?" అనేవారు. "ఇరవై ఏడు." "పోయినవారం ముప్ఫై కదయ్యా! పరిగెడుతున్నావే!" అని వీపు మీద చరిచేవారు. చరిచాక, అవతలివాడు దగ్గుతుంటే ఆగి నిలబడేవారు.

మార్చి రెండో ఆదివారం జెలిగ్ చదివిన చివరి పేరు ఇది: "యాభై ఎనిమిది. హిండా పొమెరాంట్స్. కాజాల పని."

చదివి, కాయితం మడిచాడు. వెనక వరసలోంచి గెడాల్యా అనే ముసలి ఇస్త్రీ పనివాడు అడిగాడు.

"జెలిగ్, అది ఎవరి హిండా?"

"నా హిండాయే" అన్నాడు జెలిగ్.

ఆమెకి పంతొమ్మిదేళ్లు. జెలిగ్‌కి ఒక్కతే కూతురు. కుడి ఊపిరితిత్తి పైకొసన చిన్న మచ్చ ఉందని అంతకు మూడు రోజుల ముందు డిస్పెన్సరీలో చెప్పారు. కొండగాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి ఉంటే తగ్గిపోయే దశ అని కూడా చెప్పారు. నాలుగు నెలలన్నారు. హిండా ఆ మాటే ఇంట్లో అందరికీ చెప్పింది. "నాలుగు నెలలట, వెళ్లి లావెక్కి వస్తాను."

శానటోరియం ఆ సంఘం సొంతంగా కట్టుకున్నది. తొమ్మిది వారాల సమ్మె గెలిచాక సంఘంవాళ్లు సభ్యులకి వైద్యపరీక్షలు చేయించారు. నూటికి ఇద్దరికి క్షయ ఉందని తేలింది. షాపుల్లో కిటికీలు తెరవనిచ్చేవారు కాదు. ఉన్ని దుమ్ము, ఇస్త్రీ ఆవిరి, పక్కవాడి దగ్గు అన్నీ ఒకే గాలిలో ఉండేవి. పట్నంలో ఏ ఆస్పత్రిలోనూ మంచం దొరికేది కాదు. అప్పుడు ప్రతి సభ్యుడూ ఒకరోజు కూలి ఇచ్చాడు. రైల్లో నాలుగు గంటల దూరంలో, కాట్స్‌కిల్ కొండల్లో ఒక పాలవాడి పొలం కొన్నారు. అందులో రెండంతస్తుల కొయ్యభవనం లేపారు. చుట్టూ వరండా, నలభై మంచాలు. మంచు కురిసినా రోగులు వరండాలోనే పడుకోవాలని డాక్టరు అంటే షాపులవాళ్లు నలభై పెద్ద ఉన్నికోట్లు కుట్టి పంపారు. వాటిలో పద్నాలుగింటికి కాజాలు హిండా ఒక్కతే కుట్టింది, పని వేళలయ్యాక షాపులోనే కూచుని.

వంట దగ్గర పెద్ద గొడవ అయింది. పాలూ మాంసమూ ఒకేచోట వండడం యూదు మతంలో నిషేధం కాబట్టి పాలకి ఒకటి, మాంసానికి ఒకటి చొప్పున రెండు వంటిళ్లు ఉండాలని భక్తులన్నారు. ఊపిరితిత్తులకి మతం లేదు, ఒక వంటిల్లు చాలని తక్కినవాళ్లన్నారు. మూడు ఆదివారాలు అరుచుకున్నారు. చివరికి గెడాల్యా లేచి, "రెండు కట్టండర్రా. ఒకదాంట్లో దేవుణ్ణి నమ్మేవాళ్లు తింటారు, రెండోదాంట్లో వంటమనిషిని నమ్మేవాళ్లు తింటారు" అన్నాడు. రెండు కట్టారు.

వరస దగ్గర మాత్రం అంత గొడవ కాలేదు. అది జెలిగ్ ఒక్క ఉపన్యాసంతో తేలిపోయింది.

శానటోరియం తెరవడానికి నెల ముందు నియమాలు రాసుకునే సభ జరిగింది. సంఘం డాక్టరు రబ్కిన్ ఒక మాట చెప్పాడు. పేరు నమోదు చేసుకున్న రోజే రోగిని నేను పరీక్ష చేస్తాను, ఎవరికి ముందుగా వెళ్తే నయమవుతుందో వాళ్లని ముందు పంపుదాం, వరస నేను వేస్తాను అన్నాడు. ఆయన మెల్లగా మాట్లాడే మనిషి. వెనకవాళ్లకి సగం వినపడలేదు.

జెలిగ్ లేచాడు. సమ్మెకి ముందు షాపుల్లో పని ఎలా దొరికేదో అందరికీ తెలుసు. పని తక్కువగా ఉండే నెలల్లో పొద్దున్నే గేటు దగ్గర గుంపుగా నిలబడాలి. మేస్త్రీ వచ్చి ఒక్కొక్కళ్లనీ ఎగాదిగా చూసేవాడు. చేతులు పట్టుకుని కండ నొక్కేవాడు. "నువ్వు రా. నువ్వు రా. నువ్వు దగ్గుతున్నావు, ఇంటికి పో." బాతు తెచ్చిచ్చినవాడికి వారం పని. ఏమీ ఇవ్వలేనివాడికి వీధి. ఆ పద్ధతి పోయి వరస పద్ధతి రావడానికే తొమ్మిది వారాలు పస్తులున్నారు. ఉన్న పని అందరికీ, వచ్చిన క్రమంలో, ఒకరి తర్వాత ఒకరికి. సంఘం గెలిచినవాటిలో కూలి పెంపుకన్నా అదే పెద్దదని జెలిగ్ అనేవాడు.

"ఇక్కడ కూడా గేటు దగ్గర మేస్త్రీ నిలబడతాడా?" అన్నాడతను ఆ సభలో. "ఈసారి కండ నొక్కడు, రొమ్ము మీద తట్టి చూస్తాడు. నువ్వు రా, నువ్వు ఆగు అంటాడు. డాక్టరుగారు మంచివారు, కాదనను. రేపు ఇంకో డాక్టరు వస్తాడు. వాడికి ఎవడో బాతు తెచ్చిస్తాడు. ముందు వచ్చినవాడు ముందు వెళ్తాడు. తన వంతు వచ్చినప్పుడు డాక్టరు చూస్తాడు. అంతే."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. రబ్కిన్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"జబ్బు వరసలో నిలబడదు, పొమెరాంట్స్" అన్నాడు.

"మనుషులు నిలబడతారు డాక్టరుగారూ. మేం నేర్చుకున్నాం."

హాలంతా నవ్వింది. రబ్కిన్ కూడా నవ్వాడు. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఉన్నవి నలభై మంచాలే కాబట్టి, వంతు వచ్చిన రోజున ఇంక నయం కాని దశలో ఉన్నవాళ్లకి మంచం ఇవ్వకూడదు. అదీ న్యాయమే అని జెలిగ్ ఒప్పుకున్నాడు. రెండు నియమాలూ తన చేత్తోనే పుస్తకంలో రాశాడు.

హిండా నంబరు వారానికి రెండో మూడో తగ్గుతూ వచ్చింది. ఏప్రిల్ చివరికి నలభై నాలుగు. డాక్టరు గాలి ముఖ్యమన్నాడు కాబట్టి తల్లి బ్రైనా ఆమె పరుపు తీసుకెళ్లి అయిదో అంతస్తు కిటికీ బయట, అగ్నిప్రమాదాలకని గోడకి బిగించిన ఇనప మెట్ల అరుగు మీద వేసింది. హిండా పగలంతా అక్కడే పడుకునేది. కింద వీధిలో బళ్లమీద దోసకాయల ఊరగాయ, హెర్రింగ్ చేప అమ్మేవాళ్ల అరుపులు వింటూ వాళ్లని ఎగతాళి చేసేది.

"అమ్మా, ఆ చేపలాయన ఇవాళ కూడా తాజావే అంటున్నాడు. వారం నుంచీ అదే చేప, పేరు పెట్టి పిలిస్తే పలికేట్టుంది."

"నువ్వు అరవకు, పచ్చిగుడ్డు తాగు."

"తాగుతాను. ఈ లెక్కన కొండకి వెళ్లేలోగా నాకు ఈకలొస్తాయి."

ఆదివారం మధ్యాహ్నం జెలిగ్ ఇంటికి రాగానే ఆమె కిటికీలోంచి తల పెట్టి, "ఎవరు వెళ్లారు? నేనెంత?" అని అడిగేది. అతను మొత్తం జాబితా మళ్లీ ఆమెకి చదివి వినిపించేవాడు. అందులో చాలామంది ఆమెకి తెలిసినవాళ్లే. ఎవరు పాడతారో, ఎవరు పిసినారో, ఎవరు ఎవర్ని పెళ్లాడబోయి మానుకున్నారో చెప్పేది. "ఆ జైనెలూ, ఆ టోకరూ ఒకే వారం వెళ్తారా? పక్కపక్క మంచాలివ్వకండి నాన్నా, పోట్లాడుకుని ఒకళ్ల జబ్బు ఒకళ్లు తగ్గనివ్వరు."

మే నెలలో జ్వరం సాయంత్రాలు రావడం మొదలైంది. బ్రైనా థర్మామీటరు చూసి, దులిపి, గూట్లో పెట్టేది. జ్వరం ఎంతుందో చెప్పేది కాదు.

జూన్ మొదటి ఆదివారం హిండా నంబరు ముప్ఫై. ఆ రోజు హిండా కూడా హాలుకి వచ్చింది. ఆడవాళ్లు కూచునే ఎడమవైపు బల్ల చివర, మెడకి రుమాలు చుట్టుకుని కూచుంది. జెలిగ్ జాబితా చదవడం అయ్యాక గెడాల్యా లేచాడు.

"నాదో తీర్మానం. మన కార్యదర్శి సంఘం కోసం సమ్మెలో రెండు సార్లు జైలుకి వెళ్లాడు. పళ్లు రెండు ఊడగొట్టించుకున్నాడు. ఊడినవి ఎటూ నమలడానికి పనికొచ్చేవి కావులే, అది వేరే సంగతి. వాళ్లమ్మాయిని ఈ వారమే పంపాలి. చేతులెత్తండి."

అందరికన్నా ముందు చేయెత్తినవాడు ఓషర్. జెలిగ్ షాపులోనే ఇస్త్రీ పని. ముగ్గురు పిల్లలు. జాబితాలో నాలుగోవాడు. "నా నంబరు ఇవ్వండి ఆ పిల్లకి. నేను ముప్ఫైలోకి వెళ్తాను" అన్నాడు. ఆ తర్వాత హాల్లో చేతులు గుంపులుగా లేచాయి.

జెలిగ్ చెయ్యి అడ్డంగా ఊపాడు. "దించండి. దించండయ్యా. ఇది తీర్మానం కాదు. ఇది బాతు."

"ఎవడిచ్చాడు బాతు? మేమే కదా వండుతున్నాం!" అని ఎవరో అరిచారు.

"వరస కార్యదర్శికి ఒకటి, కాజాలు కుట్టేవాళ్లకి ఒకటి ఉండదు. పైన ఇరవై తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లకీ తండ్రులున్నారు."

అప్పుడు హిండా లేచింది. ఆడవాళ్లు దారి ఇచ్చారు.

"నా పేరు గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ ఓ మాట చెప్పొచ్చా? అన్నలూ, అక్కలూ, మీ అందరికీ నా దండం. ముప్ఫై అంటే ముప్ఫైయే. నేను ఎవరినీ దాటి వెళ్లను."

ఆమె గొంతు బొంగురుగా ఉంది కాని చివరి వరసదాకా వినపడింది. ఒక క్షణం ఆగి తండ్రివైపు చూసింది. జెలిగ్ తలూపాడు. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సమ్మె గెలిచిన రోజు కూడా అతనికి అంత గర్వం కలగలేదు. మెట్లు దిగుతున్నప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వేడిగా ఉంది. జూన్ కదా అనుకున్నాడు.

మర్నాడు ఓషర్ ఇంటికి వచ్చాడు. బ్రైనాయే పిలిపించింది. అతను తలుపు దగ్గరే టోపీ తీసి నిలబడ్డాడు.

"జెలిగన్నా, వదిన చెప్పింది. సభ సంగతి వదిలెయ్యి. నా వంతు వచ్చిన రోజున డాక్టరు దగ్గరికి నేను వెళ్లను. ఆ పిల్ల వెళ్తుంది. ఎవడడుగుతాడు?"

"నేనడుగుతాను" అన్నాడు జెలిగ్. "నంబరంటే కోటు కాదు తమ్ముడూ, ఒకడు విప్పితే ఇంకొకడు తొడుక్కోవడానికి. నీకు ముగ్గురు పిల్లలు. నువ్వు వెళ్లు, బాగుపడి రా."

ఓషర్ టోపీ తిప్పుతూ కాసేపు నిలబడ్డాడు. అతని మొహంలో ఊరట కనిపించింది. అది దాచుకోవడానికి తల వంచుకుని వెళ్లిపోయాడు. రెండు వారాల తర్వాత కొండకి వెళ్లాడు.

తలుపు మూశాక బ్రైనా పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండానే అంది. "నీ సంఘానికి వేలమంది ఉన్నారు. నీకు ఎంతమంది?"

"ఆ మాటే అందరూ అంటే సంఘం ఉండదు."

"ఉండకపోనీ."

పాతికేళ్ల కాపురంలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. కిటికీ తెరిచే ఉంది. బయట అరుగు మీద హిండా కళ్లు మూసుకుని పడుకుంది. నిద్రపోతోందని ఇద్దరూ అనుకున్నారు.

జూలైలో ఎండలు ముదిరాయి. కొండమీద ఎండలకి ఎవరూ తొందరగా కోలుకోలేదు, మంచాలు ఖాళీ కావడం తగ్గింది. పంతొమ్మిది. పద్దెనిమిది. పద్దెనిమిది. హిండా జాబితా విని పూర్వంలాగే ఏదో ఒకటి అనేది, కాని ఇప్పుడు ఒకరిద్దరి గురించే. తర్వాత దగ్గు వచ్చేది. జాకెట్లు వదులయ్యాయని బ్రైనా గుండీలు జరిపి కుట్టింది. కాజాలు మాత్రం అలాగే ఉంచింది. అవి హిండా కుట్టుకున్నవి.

ఆగస్టు ఆఖరి వారంలో మూడు మంచాలు ఖాళీ అయ్యాయి. హిండా నంబరు రెండు.

గురువారం పొద్దున బ్రైనా ఆమెకి తలదువ్వి, పెట్టె సర్దింది. రెండు జతల ఉన్ని మేజోళ్లు, ఒక సీసాలో కోరిందపండ్ల పాకం, శుక్రవారం దీపాలకి రెండు కొవ్వొత్తులు. డాక్టరు చూడగానే ఆ సాయంత్రం పడవలో నది దాటి రైలెక్కాలి. అయిదంతస్తులు దిగడానికి ముప్పావు గంట పట్టింది. మెట్టు మెట్టుకీ తలుపులు తెరుచుకుని పక్కింటివాళ్లు ముద్దులు పెట్టారు. హిండా టోపీ పెట్టుకుంది. కొత్తది కాదు, రిబ్బను కొత్తది.

రబ్కిన్ ఆమెను చాలాసేపు చూశాడు. ముందు రొమ్ము, తర్వాత వీపు, మళ్లీ రొమ్ము. తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఊపిరి పీల్చమన్నాడు, ఆపమన్నాడు. ఆమె ఆపలేకపోయింది. తర్వాత ఆమెని బయటి గదిలో కూచోమని చెప్పి జెలిగ్‌ని లోపలికి పిలిచాడు.

"మార్చిలో ఏమన్నారు?"

"కుడివైపు పైకొసన మచ్చ అన్నారు. చిన్నదన్నారు."

"ఇప్పుడు రెండు వైపులా ఉంది. కుడిదాంట్లో గుంట పడింది."

జెలిగ్ నిలబడే ఉన్నాడు. రబ్కిన్ కుర్చీ చూపించాడు. కూచోలేదు.

"కొండమీద నాలుగు నెలలు కాదు, ఆరు నెలలుంటే?"

"పొమెరాంట్స్, లేదు."

పాత సభ సంగతి రబ్కిన్ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని జెలిగ్ ఎదురుచూశాడు. డాక్టరు సొరుగులోంచి ఒక కాయితం తీసి నింపాడు. మంచం నిరాకరించేటప్పుడు డాక్టరూ, కమిటీ కార్యదర్శీ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకరి ఇష్టం మీద జరగకూడదని అలా రాసుకున్నారు. అప్పటిదాకా జెలిగ్ అలాంటివి పదకొండు సంతకాలు పెట్టాడు.

"ఇది ఇవాళే పెట్టనక్కర్లేదు" అన్నాడు రబ్కిన్.

"ఇవాళ పెట్టకపోతే మంచం ఆదివారం దాకా ఖాళీగా ఉంటుంది" అన్నాడు జెలిగ్. "నాలుగో నంబరువాళ్లకి కబురు చెయ్యాలి." సంతకం పెట్టాడు.

బయట హిండా పెట్టె మీద చేతులు పెట్టుకుని కూచుని ఉంది. వాళ్లమ్మ పక్కన నిలబడి ఉంది. హిండా తండ్రి మొహం చూసింది. "టోపీ తీసేయనా నాన్నా? బరువుగా ఉంది" అంది.

ఆ ఆదివారం జెలిగ్ హాలుకి వెళ్లి జాబితా చదివాడు. హిండా పేరు లేకుండా చదివాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చాక హిండా కూడా అడగలేదు. ఆమె పరుపు మళ్లీ లోపలికి, పొయ్యి పక్కకి వచ్చింది. ఆ వారంనుంచి అతను ఇంట్లో జాబితా చదవడం మానేశాడు.

సెప్టెంబరు మూడో ఆదివారం జాబితా చదవడం అయ్యాక జెలిగ్ వేదిక దిగలేదు.

"నాదో తీర్మానం" అన్నాడు. "నియమం మార్చాలి. పేరు రాసుకున్న రోజే డాక్టరు చూడాలి. ఎవరికి నయమయ్యే అవకాశం పోతోందో వాళ్లు ముందు వెళ్లాలి. వరస డాక్టరుగారు వెయ్యాలి. వంతు ప్రకారం అని రాయించింది నేను. అది తప్పు."

ఇంకా ఏదో చెబుతాడని హాలు చూసింది. అతను జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. గెడాల్యా లేచి నోరు తెరిచాడు. ఏమీ అనకుండా చెయ్యి మాత్రం ఎత్తి నిలబడ్డాడు. మిగతావాళ్లు ఎత్తారు. వ్యతిరేకంగా ఒక్క చెయ్యీ లేవలేదు. రబ్కిన్ ఆ నెలంతా సాయంత్రాలు హాల్లోనే కూచుని జాబితాలో ఉన్న ప్రతి ఒక్కళ్లనీ పరీక్ష చేశాడు. కొత్త జాబితా అక్టోబరులో, పండగలయ్యే వేళకి తయారైంది.

ఈ సంగతి జెలిగ్ ఇంట్లో చెప్పలేదు. బ్రైనాకి వీధిలో తెలిసింది. ఆమె కూడా చెప్పలేదు.

హిండాకి చెప్పింది ఓషర్. నాలుగు నెలలు పూర్తయి కొండ దిగిన రెండో రోజునే వచ్చాడు. పద్దెనిమిది పౌన్లు పెరిగాడు. చెంపలు ఎండకి కందాయి. గదిలోకి వచ్చాక ఆ చెంపలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఒక బుట్టలో యాపిల్ పళ్లు తెచ్చాడు.

"ఇటు తిరుగన్నా, నిన్ను చూడాలి" అంది హిండా. ఆమె గొంతు గుసగుసలా మారింది. "అబ్బో, వంటమనిషిని నమ్మినట్టున్నావు."

"రెండు వంటిళ్లలోనూ తిన్నానమ్మా" అన్నాడు ఓషర్. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో ఒకటి మాట్లాడాలని తోచిందల్లా మాట్లాడాడు. వరండా, ఆవులు, మొదటి మంచు, రబ్కిన్ కొత్త వరస. "ఇప్పుడు పద్ధతి మార్చారట కదా. చిన్న మచ్చతో వచ్చినవాళ్లని వారంలోనే పంపించేస్తున్నారట. నిన్న ఒకమ్మాయి వచ్చింది, లైనింగులు కుట్టే పిల్ల, పేరు రాసుకుని తొమ్మిది రోజులే అయిందట..."

అక్కడ ఆగిపోయాడు. బ్రైనా చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టింది. జెలిగ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఓషర్ టోపీ వెతుక్కుని, అది చేతిలోనే ఉందని చూసుకుని, వెళ్లిపోయాడు.

కింద చేపలాయన అరుస్తున్నాడు.

"ఎవరు తీర్మానం పెట్టారు?" అంది హిండా.

"నేనే."

"ఎప్పుడు?"

"సెప్టెంబరులో."

ఆమె లెక్క వేసుకున్నట్టుగా పెదాలు కదిపింది. తర్వాత అంది. "మంచి పని చేశావు నాన్నా." కాస్త ఊపిరి తీసుకుంది. "జూన్లో నేను హాల్లో లేచాను చూడు."

"ఊఁ."

"నువ్వు నన్ను కూచోమంటావనుకున్నాను. నోరుముయ్యి, చిన్నపిల్లవి, నీకేం తెలుసు అంటావనుకున్నాను. అంత పెద్దమాట అంటే నాకు మంచిపేరు వస్తుంది, నువ్వు కాదంటే మంచం కూడా వస్తుంది, అనుకున్నాను." నవ్వబోయింది. దగ్గు వచ్చింది. బ్రైనా ఆమె తల పట్టుకుని గుడ్డ అడ్డం పెట్టింది. ఆ గుడ్డ చూడకుండా మడిచేసింది.

జెలిగ్ పరుపు పక్కన నేల మీద కూచున్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కుడి చెయ్యి ఎడమదానికన్నా కిందికి ఉంది.

"కొత్త జాబితా నీ దగ్గరుందా?" అంది హిండా.

ఉంది. కోటు జేబులో ఉంది.

"చదువు. చాలా రోజులైంది."

"ఇప్పుడెందుకమ్మా" అంది బ్రైనా.

"చదవనీ."

జెలిగ్ కాయితం విప్పాడు. హాల్లో చదివినట్టే నంబరు, పేరు, పని చదివాడు. "ఒకటి. రోజె క్వాట్. లైనింగుల పని. రెండు. మెండల్ ష్వార్ట్స్‌మన్. కత్తిరింపు." హిండా కళ్లు మూసుకుని వింది. పదోది దాటాక కుట్టు మిషనువాడు ఒకడి పేరు వచ్చినప్పుడు, "వాడు పాడతాడు" అని గొణిగింది. తర్వాత ఏమీ అనలేదు. జెలిగ్ ఆగి చూశాడు. ఆమె వేళ్లతో సాగించమన్నట్టు దుప్పటి మీద తట్టింది. ముప్ఫై. నలభై. యాభై దాటింది. పొయ్యిలో బొగ్గు ఆరిపోతున్నా బ్రైనా కదల్లేదు.

"అరవై ఒకటి. శిఫ్రా లండ్. గుండీలు కుట్టడం."

అతను కాయితం మడవబోయాడు. హిండా కళ్లు తెరిచి అతని వైపు చూస్తోంది.

"అంతేనా?" అంది.

"అంతేనమ్మా" అన్నాడు జెలిగ్.